ఒక్క శాతం పన్నుకు ఓటేసిన మధ్యాహ్నం

హామిల్టన్‌లో మా ఇంటి బేస్‌మెంట్‌లో కాలేజీ పిల్లలు అద్దెకుంటారు. వాళ్ళలో ఒకమ్మాయి మొన్న నన్ను అడిగింది, రిటైర్ కాకముందు ఏం జాబ్ చేసేవారు ఆంటీ అని. టౌన్ క్లర్క్‌ని అన్నాను. "ఓ, టైపింగ్ అవీ చేసేవారా?" అంది జాలిగా.

ఆ అమ్మాయి తప్పేమీ లేదు. మనకు క్లర్క్ అంటే గుమాస్తా. కెనడాలోని ఈ ఒంటారియోలో మాత్రం ప్రతి మున్సిపాలిటీకీ ఒక క్లర్క్ ఉండి తీరాలని చట్టంలోనే ఉంది. కౌన్సిల్ సమావేశం పద్ధతి ప్రకారం నడిచేలా చూడటం, ఓట్లు నమోదు చెయ్యడం, తీర్మానాలు రాయడం, ఎన్నికలు జరిపించడం క్లర్క్ పని. పెళ్ళి లైసెన్సులూ ఇస్తాం, కుక్కల మెడలో వేసే బిళ్ళలూ ఇస్తాం. సభలో చిక్కు వచ్చిందంటే మేయరంతటి వాడు పక్కకు తిరిగి క్లర్క్ ముఖం చూస్తాడు. ఇంత ఉన్నా క్లర్క్‌కి ఓటు లేదు. అభిప్రాయం ఉంటే ఇంటికి తీసుకెళ్ళి మొగుడికి చెప్పుకోవాలి. నేను అదే చేశాను, ఉద్యోగం చేసినన్నాళ్ళూ.

నేను పనిచేసింది హామిల్టన్‌కు గంట దూరంలో ఉన్న చిన్న టౌన్‌లో. పేరు చెప్పను. అక్కడి మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు, ఒకే కిరాణా షాపులో ఎదురుపడుతూ ఉంటారు. రాజమండ్రిలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదివిన నేను ఆ టౌన్ హాల్లో ముందు గదిలో పార్కింగ్ ఫైన్లు కట్టించుకునే పనిలో చేరి, రాత్రి క్లాసులు చదివి, మెల్లగా క్లర్క్ కుర్చీదాకా వచ్చాను. ఈ సంగతులన్నీ ఇంకోసారెప్పుడైనా చెప్పుకోవచ్చు. ఇప్పుడు చెప్పాలనుకున్నది ఒక ఓటు గురించి.

ఇక్కడ మీరు షాపులో దాదాపు ఏది కొన్నా బిల్లు కింద పదమూడు శాతం పన్ను పడుతుంది. అది ప్రావిన్స్ అనే రాష్ట్ర ప్రభుత్వానికీ కేంద్రానికీ పోతుంది. మన వీధిలో మంచు తోసే టౌన్‌కు అందులోంచి నేరుగా ఏమీ రాదు. టౌన్ బతికేది ఇంటి పన్ను మీద. ఇల్లో షాపో ఉన్నవాడి దగ్గరే అన్నిటికీ తీసుకోవాలి, అగ్గి ఆర్పడానికైనా సరే.

మా టౌన్‌లో ఫైర్ సర్వీస్ అంతా వాలంటీర్లే. జీతం మీద ఉన్నది ఫైర్ చీఫ్ ఒక్కడే. మిగతావాళ్ళు పగలంతా ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ, నడుముకున్న పేజర్ మోగగానే పని వదిలి పరుగెత్తుకొచ్చేవారు. వెనకటి రోజుల్లో అందరి పనులూ ఊళ్ళోనే ఉండేవి గనక అది సాగింది. ఇప్పుడు సగం మంది హామిల్టన్‌లోనో ఓక్‌విల్‌లోనో ఉద్యోగాలు చేస్తున్నారు. రాత్రి మోగితే పదిమంది వస్తారు. పగలు మోగితే ఇద్దరో ముగ్గురో.

ఇక్కడొక రూలు చెప్పాలి. మండుతున్న ఇంట్లోకి ఇద్దరు వెళ్ళాలంటే బయట ఇద్దరు సిద్ధంగా ఉండాలి. లోపలికి వెళ్ళినవాళ్ళు చిక్కుకుంటే వాళ్ళను తెచ్చేందుకు. అంటే నలుగురు వచ్చేదాకా ఎవరూ లోపల కాలు పెట్టకూడదు. ఇది ఆఫీసులో కూర్చుని ఎవరో రాసిన రూలు కాదు. తోటివాళ్ళు చచ్చిపోతే పుట్టిన రూలు.

అందుకని ఫైర్ చీఫ్ పగటిపూటకు నలుగురిని జీతం మీద ఇమ్మని ప్రతి ఏడాదీ అడిగేవాడు. బక్కపల్చటి మనిషి, మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ భుజం పైనుంచి గోడను చూసేవాడు. ప్రతి ఏడాదీ ఇంటి పన్ను పెంచలేమని కౌన్సిల్ అనేది. ఒక ఏడాది మేయర్‌కి ఓ ఆలోచన వచ్చింది. మా టౌన్ పక్కనుంచే హైవే పోతుంది. వేసవిలో నది చూడటానికి జనం వస్తారు, తింటారు, పెట్రోలు కొట్టించుకుంటారు, ప్రమాదాల్లో పడితే మా వాళ్ళే వెళ్ళి బయటికి తీస్తారు. ఆ వచ్చేవాళ్ళూ కొంత ఇవ్వాలి కదా? టౌన్‌లో కొనే ప్రతి దానిమీదా ఒక్క శాతం స్థానిక అమ్మకం పన్ను వేసి, ఆ డబ్బు ఫైర్ సర్వీస్‌కు తప్ప దేనికీ వాడకుండా చేద్దాం అన్నాడు.

ఒంటారియోలో టౌన్లకు అమ్మకం పన్ను వేసే అధికారం లేదని నేను మనవి చేశాను. నాకు తెలుసు, ప్రావిన్స్‌ను అడుగుదాం, మనతోపాటు ఇంకో పది టౌన్లు అడిగితే వాళ్ళే దిగివస్తారు అన్నాడు. అంటే కౌన్సిల్ ఓటు వెయ్యవలసింది పన్నుకు కాదు. పన్ను వేసుకోవడానికి అనుమతినిచ్చేలా చట్టం మార్చండి మహాప్రభో అని ఒక విన్నపం పంపడానికి. ఆ సంగతి నేను ప్రతి కాగితం మీదా మొదటి వాక్యంలోనే రాశాను. ఎవరూ చదవలేదు. వారం తిరిగేసరికి ఊరంతా రేపట్నుంచే పన్ను పడబోతోందన్న లెక్కలో రెండు వర్గాలైపోయింది.

అందులో మేం చేసిన తప్పులూ ఉన్నాయి. జనానికి వివరించమని చీఫ్‌ని లైబ్రరీ హాలుకు పంపాం. అతను స్క్రీన్ మీద గీతలు, అంకెలు చూపించాడు. పగలు నలుగురు దొరక్కపోతే ఏమవుతుందో మాత్రం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని తర్వాత అడిగితే, జనాన్ని భయపెట్టి డబ్బు అడగటం తనకు చేతకాదన్నాడు. మంచివాడు. ఆ మంచితనం మాకు చాలా నష్టం చేసింది.

ఊరి చివర పెట్రోల్ బంకు, దాన్నానుకుని చిన్న స్టోరు నడిపే కుర్రాడు కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాడు. ఆ ఊళ్ళో మా ఇద్దరివే తెలుగు నోళ్ళు. లైబ్రరీ మీటింగ్ అయ్యాక పార్కింగ్‌లో నన్ను పట్టుకున్నాడు.

"అక్కా, నీకు తెల్వనిది కాదు. బ్రిడ్జి దాటితే వేరే టౌన్. ఆడ ఈ ఒక్క శాతం ఉండది. సిగరెట్లకు, పాలకు బ్రిడ్జి దాటి పోతరు జనం. నేనేం జెయ్యాలె?"

ఒక్క శాతానికి ఎవరూ కారు తియ్యరేమో అన్నాను.

"ఒక్క శాతానికి కాదక్కా, కోపానికి తీస్తరు."

అతను చెప్పింది అబద్ధమని అనలేకపోయాను. క్లర్క్‌ని గనక అనకూడదు కూడా.

కౌన్సిల్‌లో మేయర్‌తో కలిపి ఏడుగురు. ముగ్గురు కావాలనేవాళ్ళు, ముగ్గురు వద్దనేవాళ్ళు. వద్దనేవాళ్ళలో గట్టి గొంతు రిటైరైన స్కూల్ ప్రిన్సిపాల్‌ది. పెన్షన్ మీద బతికేవాళ్ళ కష్టం ఆవిడ చెప్పినంత బాగా ఇంకెవరూ చెప్పలేరు. ఏడోవాడు ట్రాక్టర్ మెకానిక్. ఊరి బయట షెడ్డు. యాభై దాటిన మనిషి, చేతులు ఎంత కడిగినా గోళ్ళ చుట్టూ నలుపు పోదు. అతను కౌన్సిలర్‌తో పాటు వాలంటీర్ ఫైర్‌ఫైటర్ కూడా. చిన్న టౌన్లలో అది కుదురుతుంది, చట్టం ఒప్పుకుంటుంది. షెడ్డు ఊళ్ళోనే కాబట్టి పగలు పేజర్ మోగితే తప్పకుండా వచ్చే ఇద్దరు ముగ్గురిలో అతనొకడు. అతని ఓటు ఎటో ఎవరికీ అనుమానం లేదు. నాలుగు, మూడు. తీర్మానం నెగ్గుతుంది.

పెద్దవాళ్ళు రాత్రిపూట మంచులో రాలేమన్నారని సమావేశం మధ్యాహ్నం పెట్టాం. హాలు నిండిపోయింది. వాలంటీర్లు చాలామంది ఆ పూట సెలవు పెట్టుకుని వచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఫైర్ స్టేషన్ మా భవనం పక్కనే. నాకు బాగా గుర్తు, వాళ్ళను చూసి ప్రిన్సిపాల్ నా వైపు వంగి, ఊళ్ళో ఇల్లు తగలబడాలంటే ఇంతకన్నా మంచి రోజు దొరకదు అంది. వెక్కిరింపుగా కాదు, మామూలుగానే.

రెండు గంటలు జనం మాట్లాడారు. మా బంకు తమ్ముడు కూడా ఇంగ్లీషులో చక్కగా మాట్లాడాడు. చర్చ ముగిసింది. ప్రిన్సిపాల్ రికార్డెడ్ వోట్ కోరింది. అంటే నేను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవాలి, వాళ్ళు లేచి అవునో కాదో చెప్పాలి. పేర్ల కాగితం చేతిలోకి తీసుకున్నాను.

అప్పుడు పేజర్లు మోగాయి.

వెనక గోడ దగ్గర పది పన్నెండు ఒకేసారి, కౌన్సిల్ బల్ల దగ్గర ఒకటి. హైవే జంక్షన్‌లో కారూ ట్రక్కూ ఢీకొన్నాయి, కారులో ఒకావిడ ఇరుక్కుంది. గోడ దగ్గరి వాళ్ళు తలుపు వైపు కదిలారు. మెకానిక్ లేచి నిలబడ్డాడు.

మేయర్ మైకు మీద చెయ్యి పెట్టి చిన్నగా, "నువ్వు కూర్చో. వాళ్ళు చాలినంత మంది ఉన్నారు," అన్నాడు.

అది నిజమే. ఆ రోజు నిజంగానే చాలినంత మంది ఉన్నారు. మెకానిక్ కూడా వాళ్ళను చూశాడు. కానీ కారు రేకును కత్తిరించి మనిషిని బయటికి తీసే యంత్రం నడపటంలో వాళ్ళందరిలోకీ చెయ్యి తిరిగినవాడు అతనే. ఆ సంగతి అతనికీ తెలుసు, చీఫ్‌కీ తెలుసు. చీఫ్ అప్పటికే తలుపు దగ్గరున్నాడు. అతను రమ్మనలేదు, వద్దనలేదు. ఎప్పట్లాగే గోడను చూస్తున్నాడు.

"మనిషి ఇరుక్కుందన్నారు," అన్నాడు మెకానిక్. కుర్చీ వెనక తగిలించిన కోటు తీసుకుని వెళ్ళిపోయాడు.

సైరన్ ఆ వీధి మలుపు తిరిగింది. తర్వాత కావాలనే వర్గంలో ఒక కౌన్సిలర్ విరామం ఇవ్వమన్నాడు. దానికీ ఓటు కావాలి. మూడు, మూడు. మేయర్ నా వైపు తిరిగాడు. సమానంగా వస్తే ప్రతిపాదన ఓడినట్టే అని చెప్పాను. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతు ఎలా ఉందో నాకు తెలియదు. మామూలుగా ఉండేలా చూసుకోవడమే నాకు జీతమిచ్చే పని.

తర్వాత అసలు ఓటు. పేర్లు చదవడం మొదలుపెట్టాను. అవును. కాదు. కాదు. అవును. మెకానిక్ పేరు వచ్చింది. ఎదురుగా కుర్చీ ఖాళీ. సభలో లేనివాళ్ళ పేరు కూడా పిలవడం మా టౌన్ ఆనవాయితీ. పిలిచాను.  గైర్హాజరు అని రాసుకుని తర్వాతి పేరు పిలిచాను. మూడు, మూడు. తీర్మానం వీగిపోయింది.

వెలుతురు పోతుండగా వాళ్ళు తిరిగొచ్చారు. నేను హాల్లో కుర్చీలు సర్దిస్తున్నాను. మెకానిక్ మోకాళ్ళదాకా బురదతో గుమ్మంలోనే నిలబడి, ఏమైందని అడిగాడు. చెప్పాను. తల ఊపాడు. ఆమె ఎలా ఉందని నేనడిగాను. హామిల్టన్ ఆసుపత్రిలో పనిచేసే నర్సట, డ్యూటీకి వెళ్తోందట. కాలు విరిగింది, బతికింది.

"బయటికి తీస్తున్నంతసేపూ షూ ఒకటి పోయిందని గొడవ పెట్టింది. కొత్తదట. నేను వెనక్కెళ్ళి వెతికి తెచ్చాను," అన్నాడు.

ఆ మాట అంటూ నవ్వాడు. అతని ముఖంలో ఓడిపోయిన మనిషి నాకు కనపడలేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి మావారికి చెబితే, "అతను చేసింది రైటే. కానీ ఊరు ఒప్పుకోదు, చూడు," అన్నారు. స్టీల్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు చేసిన మనిషి. రైటు పని చేసినవాళ్ళకు ఏమవుతుందో ఆయనకు కొంత తెలుసు.

ఊరు మొదట మెచ్చుకుంది. ఆ తర్వాత జరిగింది మాత్రం మేమెవరమూ ఊహించలేదు. ఆ రోజు అంత తొందరగా ఫైర్ ట్రక్కు వెళ్ళడమే మా వాదనకు అడ్డం తిరిగింది. చూశారా, పట్టపగలు నిమిషాల్లో పదిమంది వచ్చారు, ఇంకా జీతగాళ్ళెందుకు అని పత్రికకు ఉత్తరాలు రాశారు. వాళ్ళు మీటింగ్ కోసం సెలవు పెట్టి పక్క భవనంలో ఉండబట్టి వచ్చారని చీఫ్ చెబుతూనే ఉన్నాడు. వినేవాళ్ళు వినలేదు. మేయర్ ఆ ఏడాదికి ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

మళ్ళీ చలికాలం వచ్చింది. బాగా మంచు పడిన ఒక పనిరోజు ఉదయం రైలు పట్టాలకు అవతల ఒక పాత ఇంట్లో నిప్పంటుకుంది. ముసలి రైతు దంపతులు. ఆవిడ ఊళ్ళోకి మందుల కోసం వచ్చింది. ఆయన ఇంట్లో ఉన్నాడు. పేజర్ మోగితే ముగ్గురు వెళ్ళారు. చీఫ్, ఫైర్ ట్రక్కు నడిపే పెద్దాయన, మెకానిక్.

ముగ్గురు. నాలుగోవాడు ఓక్‌విల్ రోడ్డు మీంచి వెనక్కి తిరిగి వస్తున్నాడు, మంచులో.

మెకానిక్ మాస్కు తగిలించుకుని గుమ్మం ముందు నిలబడ్డాడు. లోపలికి వెళ్తానన్నాడట. వెళ్ళకూడదని చీఫ్ ఆజ్ఞాపించాడు. బయటినుంచి నీళ్ళు కొట్టారు. ఆవిడ టాక్సీలో తిరిగొచ్చేసరికి ఆమె కళ్ళకు కనపడింది ఏమిటంటే, ఇల్లు కాలుతోంది, పూర్తిగా తయారై ఉన్న ఒక మనిషి గుమ్మం ముందు ఊరికే నిలబడి ఉన్నాడు.

నాలుగోవాడు వచ్చాక వెళ్ళారు. అప్పటికి ఆయన లేడు. మొదటే వెళ్ళినా దక్కేవాడో లేదో చెప్పలేమని డాక్టర్లన్నారు. చెప్పలేమనే మాటతో ఎవరు నిద్రపోగలరు?

మూడు వారాలకు మేయర్ ప్రత్యేక సమావేశం పిలిచాడు. ఈసారి అమ్మకం పన్ను కాదు, విన్నపాలు కాదు. ఇంటి పన్ను మీదనే ఫైర్ సర్వీస్‌కు విడిగా ఒక వంతు వేసి, పగటికి నలుగురిని తీసుకోవడం. తీర్మానాన్ని బలపరిచింది ప్రిన్సిపాల్. ఆవిడ ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. చెయ్యెత్తి, బలపరుస్తున్నాను అని కూర్చుంది. నేను పేర్లు పిలిచాను. మెకానిక్ పేరు పిలిచి తల ఎత్తి చూశాను. అతను బల్లమీద తన చేతుల్నే చూసుకుంటున్నాడు. చివరికి అవునన్నాడు. ఏడుగురూ అవునన్నారు.

బయటికి వస్తుంటే మా బంకు తమ్ముడు కారు దగ్గర ఉన్నాడు. "అక్కా, నేను ఒక్క శాతం వద్దంటి. ఇప్పుడు నా షాపుకు అంతకన్న ఎక్కువే పడ్తది," అన్నాడు. కారు తాళాలు తీస్తూ, "కడ్త," అన్నాడు.

మర్నాడు మెకానిక్ తన పేజర్, కోటు, హెల్మెట్ ఫైర్ స్టేషన్‌లో అప్పగించేశాడు. చీఫ్ ఎంత చెప్పినా వినలేదు. ఊళ్ళో ఒక మాట తిరుగుతోంది. ఆ మాట మొదలైంది చనిపోయినాయన భార్య నోట. మీటింగ్ రోజు వాడు కుర్చీలో కూర్చుని ఉంటే తీర్మానం నెగ్గి నలుగురు వచ్చేవాళ్ళు, ఉండాల్సినప్పుడు లేచి వెళ్ళిపోయాడు, వెళ్ళాల్సినప్పుడు నిలబడ్డాడు అని. కిరాణా షాపులో అతను ఎదురైతే ఆవిడ సరుకుల బండి వదిలేసి బయటికి వెళ్ళిపోయేదట. అతను ఊళ్ళో సరుకులు కొనడం మానేశాడు.

మంచు కరిగాక నా కారుకు మంచులో జారకుండా వేసే చలికాలం టైర్లు తీయించడానికి అతని షెడ్డుకు వెళ్ళాను. ట్రాక్టర్లు చేసేవాడే అయినా తెలిసినవాళ్ళకు కార్లూ చూసేవాడు.  మూడు టైర్లు మార్చి నాలుగోదాని దగ్గర ఆగాడు.

"మిమ్మల్ని ఒకటి అడగాలి. స్నేహితురాలిగా కాదు, క్లర్క్‌గా చెప్పండి. ఆ మధ్యాహ్నం నేను లేవకుండా ఉంటే, ఆయన ఇల్లు కాలిన రోజుకు నాలుగో మనిషి ఉండేవాడా?"

"ఉండేవాడు కాదు," అన్నాను.

అతను నమ్మలేదు. నాకు తెలిసినదంతా వరసగా చెప్పాను. ఆ రోజు నెగ్గినా మేం పంపేది విన్నపం. ప్రావిన్స్ దాన్ని చదవాలి, మిగతా టౌన్లు కలవాలి, చట్టం మారాలి, అప్పుడు పన్ను వెయ్యాలి, వసూలు కావాలి, ఆ డబ్బుతో మనుషుల్ని తీసుకోవాలి. అలాంటి విన్నపాలు అంతకుముందు వెళ్ళినవి ఏవీ నెగ్గలేదు. అన్నీ కలిసొచ్చినా ఏళ్ళు పట్టేది. ఆ చలికాలానికి ఏ దారినా కుదిరేది కాదు.

"అంటే నా ఓటుకు విలువే లేదంటారు."

"ఆ చలికాలానికి లేదు."

అతను నాలుగో టైరు బిగించాడు. కారు దించాక, "ఈ మాట నాకు చెప్పి లాభం లేదు. ఆవిడకు చెప్పాలి. నేను వెళ్తే తలుపు తీయదు," అన్నాడు.

క్లర్క్ ఉద్యోగంలో ఎవరింటికీ వెళ్ళి కౌన్సిల్ ఓటు గురించి మాట్లాడకూడదు. రెండు వారాలు ఆ సాకుతోనే గడిపాను. తర్వాత ఒక ఆదివారం వెళ్ళాను.

ఆవిడ కాలిపోయిన ఇంటి స్థలంలోనే చక్రాలమీది ట్రెయిలర్ ఇల్లు పెట్టుకుని ఉంటోంది. పక్కన కొత్త ఇంటికి పునాదులు తవ్వుతున్నారు. లోపల కూర్చోబెట్టి టీ ఇచ్చింది. టౌన్ పంపిందా అని అడిగింది. లేదు, నేనే వచ్చానన్నాను. మెకానిక్‌కు చెప్పిందంతా ఆవిడకూ చెప్పాను, ఒక్క ముక్క ఎక్కువ తక్కువ లేకుండా. ఆవిడ మధ్యలో ఆపలేదు.

అంతా విని, "నాకు తెలుసు," అంది.

మళ్ళీ ఆవిడే అందుకుంది.

"ఆ లైబ్రరీ మీటింగ్‌కు మా ఆయన వచ్చాడు. టౌన్ హాల్ మీటింగ్‌కూ వచ్చాడు. రెండుచోట్లా లేచి వద్దన్నాడు. నేను పక్కనే కూర్చుని చప్పట్లు కొట్టాను. ఊళ్ళో అందరికీ గుర్తుంది. ఒక్కళ్ళు కూడా నాతో ఆ మాట అనలేదు." కప్పు కింద పెట్టింది. "పోయినవాడి మీద కోపం తెచ్చుకోలేను కదా. ఎవరో ఒకరు కావాలి నాకు."

అప్పుడు గుర్తొచ్చాడు ఆయన. మూడో వరసలో, గళ్ళ చొక్కా, టోపీ చేతిలో పట్టుకుని మర్యాదగా మాట్లాడిన మనిషి. నా ఎత్తున పేరుకున్న తీర్మానాల కాగితాల్లో ఎక్కడా ఆయన ముఖం లేదు.    ఆవిడ ఇంకో కప్పు పోసింది.

లేచి వస్తుంటే గుమ్మం దాకా వచ్చింది. బయట గడ్డి మోకాలి ఎత్తున ఉంది.

"అతను ఇంకా ట్రాక్టర్లు చేస్తున్నాడా?" అని అడిగింది.

చేస్తున్నాడన్నాను.

"షెడ్డులో మాది ఒకటుంది. మంటలు అక్కడిదాకా రాలేదు. ఆయన పోయాక స్టార్ట్ కావడం లేదు. వీలున్నప్పుడు వచ్చి చూడమనండి."

ఇంటికి వచ్చి కోటు కూడా తీయకుండా మెకానిక్‌కు ఫోన్ చేశాను. ఆవిడ తన భర్త గురించి చెప్పింది చెప్పలేదు. అది ఆవిడది, ఆవిడ చెప్పుకోవాలి. ట్రాక్టర్ మాట మాత్రం చెప్పాను. 

"ఎరుపుదా, ఆకుపచ్చదా?" అన్నాడు. కంపెనీని బట్టి ట్రాక్టర్ల రంగు, రంగును బట్టి సామాను.

షెడ్డులోకి వెళ్ళి చూడలేదన్నాను.

"సరే. రెండింటివీ పట్టుకెళ్తాను," అన్నాడు.